ఎక్స్ఛేంజ్‌లో పోయిన రైళ్లు

ఇది ఫిర్యాదు. ఎవరి మీదో ముందే చెప్పెయ్యడం మర్యాద కాబట్టి చెబుతున్నాను. మొదటి ముద్దాయి మా అబ్బాయి. రెండో ముద్దాయి మా కోడలు. తెర వెనక సూత్రధారి మా ఆవిడ. నేరం ఏమిటంటే, నా పాత స్కూటర్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, దాంతోపాటు నాకు కనబడే రైళ్లను కూడా ఇచ్చేశారు. షోరూం వాళ్లు రాసిచ్చిన కాగితంలో స్కూటరు ఒక్కటే ఉంది. రైళ్ల ఊసు లేదు. అంటే వాటికి కట్టిన ధర సున్నా. నా బాధంతా ఆ సున్నాతోనే.

స్కూటరు కంపెనీ పేరు చెప్పను. చెబితే ప్రతి ఒక్కరూ 'మా నాన్నగారికీ ఉండేదండీ' అంటూ సొంత కథ ఎత్తుకుంటారు, నా ఫిర్యాదు మూలన పడుతుంది. గేర్లు ఎడం చేతిలో, కాళ్ల దగ్గర ఒక పిల్లవాడు నిలబడేంత జాగా, వెనకాల స్టెప్నీ, ఆయిల్ కలిపిన పెట్రోలు తాగే టూ స్ట్రోక్ ఇంజను. ఇంతకన్నా గుర్తులు అక్కర్లేదు. ఒకప్పుడు ఇలాంటి బండి కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకున్నారు జనం. పెళ్లి మాటల్లో కట్నం ఖాయమైనా స్కూటరు దగ్గర సంబంధాలు ఆగిపోయేవి. మా మావగారు నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. అసలు ఆ ప్రస్తావనే రాకుండా భోజనాలు వడ్డించేశారు. జీపీఎఫ్‌లో అప్పు తీసుకుని నేనే కొనుక్కున్నాను. అందుకే దాని మీద నాకు హక్కు ఎక్కువ.

మా వాళ్లు దాని మీద మోపిన అభియోగాలు మూడు. పొగ, చప్పుడు, స్టార్ట్ కాకపోవడం. మొదటి రెండింటికీ నేను జవాబు చెప్పను. పొగ రానిదీ చప్పుడు చెయ్యనిదీ బండి అని నేను ఒప్పుకునే రోజులు కావవి. మూడోదానికి మాత్రం జవాబుంది. చలికాలం పొద్దున్నే చోక్ లాగాలి. బండిని ఒక పక్కకి వంచి కాసేపు పట్టుకోవాలి. తర్వాత కిక్కు కొట్టాలి. పలక్కపోతే ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, నోటితో ఊది, బిగించి మళ్లీ కొట్టాలి. ఇంత పని చేస్తే మనిషికి వ్యాయామమూ ప్రాణాయామమూ రెండూ పూర్తవుతాయి. ఇప్పుడు మా అబ్బాయి ఇదే పనికి జిమ్ముకి నెలనెలా డబ్బు కడుతున్నాడు.

ఇక గేటు సంగతి. మా ఇల్లు కొండపల్లి దగ్గర. విజయవాడ నుంచి కాజీపేట పోయే లైను మా కాపురాలను రెండు ముక్కలు చేస్తూ పోతుంది. ఇల్లు ఈ ముక్కలో. బ్యాంకు, మందుల షాపు, కూరల బజారు ఆ ముక్కలో. మధ్యన గేటు. హైవే మీద నుంచి చుట్టూ తిరిగి వంతెన ఎక్కి పోవచ్చు గానీ, మా ఆవిడ, బియ్యం మూట, నేను కలిస్తే మా స్కూటరు ఆ ఎత్తు ఎక్కడానికి సుముఖంగా ఉండేది కాదు. అందువల్ల గేటే మాకు గతి. ఆ గేటు మామూలు గేటు కాదు. చెన్నై నుంచి ఢిల్లీ పోయే దారి అది. ఎగువ నుంచి దిగువకూ దిగువ నుంచి ఎగువకూ ఎక్స్‌ప్రెస్సులు, ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రానికి వచ్చే బొగ్గు బళ్లు, ఆయిలు ట్యాంకర్లు. ఇవి చాలవన్నట్టు మూడో లైను. గేటు లేచి ఉండడమే అక్కడ విశేషం.

గేటు పడితే ఇంజను ఆపడం గృహస్థ ధర్మం. ఆపిన తర్వాత వెంటనే లేవకపోవడం వేడెక్కిన టూ స్ట్రోక్ ధర్మం. రైలు పోతుంది, గేటు లేస్తుంది, కార్లూ ఆటోలూ ట్రాక్టర్లూ హారన్లు కొట్టుకుంటూ దాటిపోతాయి. నేను కిక్కు కొడుతూ ఉంటాను. అది అందుకునే సమయానికి గేటు మళ్లీ పడుతుంది. ఇంకో రైలు. ఈ విధంగా ఒక గేటు ఖర్చుతో రెండు రైళ్లు చూసే వసతి నాకుండేది.

నేను రైళ్ల పిచ్చివాణ్ని కానని ఇక్కడే మనవి చేస్తున్నాను. ఇంజన్ల నంబర్లు పుస్తకాల్లో రాసుకునేవాళ్లు, కెమెరాలు మెడలో వేసుకుని పట్టాల వెంట తిరిగేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఆగిపోయిన స్కూటరు పక్కన నిలబడ్డ సంసారిని మాత్రమే. ఎదురుగా రైలు పోతుంటే కళ్లు మూసుకోవడం అమర్యాద కాబట్టి చూశాను. చూడగా చూడగా తేడాలు తెలియడం మొదలైంది.

ముందు, రైలు చివర పెట్టె మీద పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుందని తెలిసింది. అది కనబడితే రైలు మొత్తం వచ్చేసినట్టు, కనబడకపోతే కొన్ని పెట్టెలు ఎక్కడో తెగి ఉండిపోయినట్టు. గేటు దగ్గర మనిషి పచ్చజెండా పట్టుకుని చూసేది దానికోసమే. తర్వాత వ్యాగన్ల ఒంటి మీద రాతలు కనిపించాయి. పక్కనే గుంటుపల్లిలో వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. దేశమంతా తిరిగి నలిగిపోయిన వ్యాగన్లు అక్కడికి వచ్చి, ఓవర్‌హాలు చేయించుకుని, కొత్త రంగు పూయించుకుని పోతాయి. ఎప్పుడు బాగుచేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో వాటి ఒంటి మీదే రాసి ఉంటుంది. బొగ్గు మోసే ఇనప పెట్టెకి ఉన్నపాటి వైద్య పరీక్షల క్రమం మా ఇంట్లో నాకు లేదు.

ఇంజన్లలో జంట ఇంజనొకటి ఉంది. బీహార్‌లోని మధేపురాలో తయారయ్యే వ్యాగ్ 12. రెండు భాగాలు కలిసి ఒకటే ఇంజను, పన్నెండు వేల హార్స్ పవరు. ఏడెనిమిది గుర్రాల మా స్కూటరు దాని ముందు నిలబడితే నాకే సిగ్గేసేది గానీ, దానికి మాత్రం వేసేది కాదు. 2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ కూడా ఈ దారినే పోతుంది. మిలమిలా మెరుస్తూ ఉంటుంది. కాని అందులో చూడ్డానికి ఏమీ లేదు. చూద్దామని తలెత్తేలోగా అయిపోతుంది. గేటు వేసినందుకు గిట్టుబాటు అవ్వాలంటే గూడ్సు రావాలి.

గూడ్సు అంటే గుర్తొచ్చింది, నా జీవితంలో తీరని లోటొకటి. 2021 అక్టోబరు 7న 'త్రిశూల్' అని ఒక బండి నడిపారు. మూడు గూడ్సు బళ్లను ఒకదాని వెనక ఒకటి తగిలించి ఒకే బండి చేశారు. 177 వ్యాగన్లు. ఖుర్దా డివిజనుకు పోయే ఆ బండి ఎక్కడ నుంచి బయల్దేరిందనుకున్నారు? మా కొండపల్లి నుంచే. గేటు దగ్గర నిలబడడంలో ఇంత సర్వీసున్న నేను ఆ బండి చూడలేదు. ఎందుకంటే మా స్కూటరు దాని జన్మలో ఒకే ఒక్కసారి మొదటి కిక్కుకే స్టార్టయింది. ఆ రోజే. మర్నాడు పేపర్లో చదువుకున్నాను. దాని మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసిన బండి వేరే. మొదటిసారి చూసినప్పుడు నాకది శవయాత్రలా అనిపించింది. మామూలు ప్యాసింజరు బోగీలే. కాని ఒక్క కిటికీ లేదు. కిటికీలుండాల్సిన చోటల్లా రేకులు కొట్టేశారు. లోపల మనుషులున్న జాడ లేదు. గేటు దగ్గర మనిషిని అడిగితే చెప్పాడు, అవి ఎన్‌ఎంజీ బోగీలు. ఇరవై ఏళ్లు దాటి వయసైపోయిన ప్యాసింజరు బోగీలను తుక్కుకి వేయకుండా, సీట్లూ ఫ్యాన్లూ పీకేసి, కిటికీలు మూసేసి, కొసన తలుపులు పెట్టి, కార్లూ ట్రాక్టర్లూ మోసే గూడ్సుగా మారుస్తారట. మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో తయారైన కార్లు కూడా రైళ్లెక్కి దేశం మీదకి పోతున్నాయి. అంటే ఏమిటి? కొత్త బండిని షోరూం దాకా చేర్చేది ఒక పాత బండి. ఆ షోరూంలోనే మనం పాత బండిని వదిలేసి వస్తాం. ఈ అన్యాయం నాకు తప్ప ఎవరికీ తోచినట్టు లేదు.

ఇంతలో మా ఇంట్లో కుట్ర ముదిరింది. మా అబ్బాయి ఫోను చూస్తూ, "నాన్నా, 2021 ఆగస్టులోనే తుక్కు విధానం వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన గవర్నమెంటు బళ్ల రిజిస్ట్రేషన్లే రద్దయిపోతున్నాయి. మన స్కూటరు వయసెంతో తెలుసా?" అన్నాడు.

"అది గవర్నమెంటు బళ్ల సంగతిరా. దీనికి నేను రెన్యువల్ చేయించాను, గ్రీన్ ట్యాక్స్ కట్టాను. కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి" అన్నాను.

"కాగితాలు బాగానే ఉన్నాయి. బండే బాగాలేదు" అంది మా ఆవిడ, పప్పు గిన్నెలోంచి తలెత్తకుండా.

షోరూం సన్నివేశం త్వరగా ముగిస్తాను, నాకు రక్తపోటుంది. ఒక కుర్రాడు వచ్చి బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. వేలితో బాడీ మీద టకటకా కొట్టి, "అసలు రేకు సార్. వెయిట్ బాగుంటుంది" అన్నాడు. నా కళ్లు చెమర్చాయి. ఈ కాలం కుర్రాళ్లలో కూడా పనితనం గుర్తించేవాళ్లున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, అతను తూకం లెక్క వేస్తున్నాడు. అతను చెప్పిన ధర ఇక్కడ రాయను. ఆ డబ్బుతో పట్టుచీర మాట అటుంచి, జాకెట్టు కుట్టుకూలి కూడా రాదని మా ఆవిడే అంది. అయినా సంతకం పెట్టించింది.

ఇక నా వాదన. రైల్వేవాళ్లు కొత్తవి కొనరని నేననను. 1955 నుంచి పెరంబూరు ఫ్యాక్టరీలో చేస్తూ వచ్చిన ఐసీఎఫ్ నమూనా బోగీలను 2018 జనవరిలో ఆపేసి, ఎల్‌హెచ్‌బీ బోగీలకు మారిపోయారు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కాని పాతదాన్ని ఏం చేశారో చూడండి. కొన్నిటికి కిటికీలు మూసి కార్లు ఎక్కించారు. 2020లో కోవిడ్ వస్తే ఐదు వేలకు పైగా బోగీలను ఐసొలేషన్ వార్డులుగా మార్చారు. కాచిగూడ స్టేషన్లో పాత బోగీలో హోటలు పెట్టారు. 2020లోనే పది డీజిల్ ఇంజన్లను బంగ్లాదేశ్‌కి అప్పగిస్తే, మన మంత్రులు కూర్చుని జెండా ఊపారు. నా స్కూటర్ని అప్పగించిన రోజున ఊపడానికి మా ఇంట్లో చేతిరుమాలు కూడా దొరకలేదు. ఇవేవీ చాలకపోతే 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో చేసిన ఫెయిరీ క్వీన్ ఉంది. మ్యూజియంలో కూర్చున్నదాన్ని 1997లో లేపి మళ్లీ పట్టాలెక్కించారు. పెద్దపెద్ద రైల్వే ఆఫీసుల ముందు పాత ఇంజన్లకు రంగులేసి పీఠాలు కట్టి నిలబెడతారు. నేనూ అదే అడిగాను. తులసికోట పక్కన చిన్న అరుగు కట్టించి స్కూటర్ని నిలబెడదామన్నాను. "తులసమ్మకి పెట్రోలు కంపు కొట్టిస్తారా?" అంది మా ఆవిడ. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు పాత, కొత్త అనే తేడాయే నాకు అంతుపట్టదు. మా గేటు ముందు నుంచి పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సునే తీసుకోండి. 1929లో అది పెషావర్ నుంచి మంగుళూరుకి నడిచింది. తర్వాత అది బయల్దేరే ఊరు మారింది, చేరే ఊరు మారింది. మొదట బయల్దేరిన ఊరు ఏకంగా వేరే దేశానికి పోయింది. చెక్క బోగీలు పోయి నీలం బోగీలు, అవీ పోయి ఎర్ర బోగీలు వచ్చాయి. ఆవిరింజను పోయి డీజిలు, డీజిలు పోయి కరెంటు. 1929 నాటి మేకు ఒక్కటి కూడా అందులో ఉండదు. అయినా జనం 'జీటీ వచ్చిందా' అనే అడుగుతారు, 'జీటీ లేటా' అనే తిడతారు. మా స్కూటరూ అంతే కదా? పిస్టను మార్చాను. కార్బ్యురేటరు మార్చాను. సీటు కవరు, క్లచ్ వైర్లు, టైర్లు, హెడ్‌లైటు అన్నీ మార్చాను. లెక్కప్రకారం అది కొత్త బండి. కొత్త బండిని ఇచ్చి కొత్త బండి కొన్న తెలివి మా వాళ్లది.

వచ్చిన బండి కరెంటుది. దాని మీద చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని లోపం. బటను నొక్కితే కదులుతుంది. పొగ లేదు, చప్పుడు లేదు, వెనక్కి కూడా నడుస్తుంది. ముగ్గురి బరువుతో హైవే వంతెనని మెట్లెక్కే పిల్లిలా ఎక్కేస్తుంది. గేటు దగ్గరికి పోయే పనే లేకుండా చేసింది. పోయినా, గేటు లేచిన మరుక్షణం అందరికన్నా ముందు దాటేస్తోంది. రెండో రైలు లేదు. పైగా అది ఎక్కడెక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో మా అబ్బాయి ఫోన్లో కనబడుతుంది. ఒకరోజు సాయంత్రం బొగ్గు బండి పోతుంటే వ్యాగన్ల మీద రాతలు చదువుకుంటున్నాను. ఫోన్ మోగింది. "నాన్నా, బండి అరగంట నుంచి గేటు దగ్గరే చూపిస్తోంది. ఏమైనా రిపేరా?"

రిపేరు! ఆ మాట వినగానే నాకు ఏం పోయిందో పూర్తిగా అర్థమైంది. పాత స్కూటరు నాకు ఇచ్చింది రైళ్లను కాదు, సాకును. చెడిపోయిన బండి పక్కన ఎంతసేపు నిలబడ్డా మనిషికి గౌరవం తగ్గదు. దారిన పోయేవాళ్లు జాలిపడతారు, ఒకరిద్దరు తొయ్యడానికి కూడా వస్తారు. బాగున్న బండి పక్కన, ఏ పనీ లేకుండా, అరవై దాటిన మనిషి పట్టాల వైపు చూస్తూ నిలబడితే లోకం ఊరుకోదు. ఒక కుర్రాడు ఆగి, "అంకుల్, ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు. లేదంటే నమ్మలేదు. ఇంకో పెద్దాయన బండి దిగి వచ్చి, భుజం మీద చెయ్యేసి, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా మాష్టారూ?" అని మెల్లగా అడుగుతూ నన్ను పట్టాలకు దూరంగా జరిపి, టీ తాగించి పంపించాడు. నేను మాష్టార్ని కాను. ఇంట్లో అంతా బాగానే ఉన్నారు. ఎన్‌ఎంజీ వస్తుందేమోనని చూస్తున్నానని ఆయనకి ఎలా చెప్పను?

అందుకని ఆ రాత్రి భోజనాల దగ్గరే పంచాయితీ పెట్టాను. పైన రాసిందంతా సాక్ష్యాలతో సహా చెప్పాను. జీటీ సంగతీ ఫెయిరీ క్వీన్ సంగతీ చెప్పాను. చివర్లో, "వయసైపోయిన బోగీకి కూడా రైల్వేవాళ్లు పని చూపిస్తారు. మీరు తూకానికి ఇచ్చేశారు" అని గొంతు కాస్త వణికించాను. మా కోడలు "పాపం మావయ్యగారు" అన్నట్టే ఉంది. గెలుస్తున్నానేమో అనుకున్నాను.

మా ఆవిడ మజ్జిగ పోస్తూ అంది: "ఏమండీ, మీరు రిటైరయ్యాక మిమ్మల్నేమైనా ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చామా? మీ రైల్వేవాళ్లు చేసిందే మేమూ చేశాం. ప్యాసింజరు సర్వీసు అయిపోయింది, గూడ్సులో వేశాం. పొద్దున్నే పాల ప్యాకెట్లు, తర్వాత మనవడి బడి సంచీ, మనవడూ, మధ్యాహ్నం కరెంటు బిల్లు, సాయంత్రం కూరలు, నెలకోసారి బియ్యం మూట. ఒక్కరోజైనా ఖాళీగా యార్డులో పెట్టామా? ఇంతకన్నా మర్యాద ఏ రైల్వే చేస్తుంది చెప్పండి."

"తాతయ్యా, నువ్వు ఎన్‌ఎంజీవా?" అని అడిగాడు మనవడు. అందరూ నవ్వారు. ముద్దాయిలే నవ్వితే విచారణ ఏం సాగుతుంది?

తీర్పులో న్యాయం ఉందని ఒప్పుకుంటే నా కేసుకి నష్టం కాబట్టి ఒప్పుకోను. ఒక సాంకేతిక అభ్యంతరం మాత్రం రికార్డు చేయమని కోరుతున్నాను. బోగీని గూడ్సులో వేసినప్పుడు కిటికీలకు రేకులు కొట్టేది లోపలున్నది కార్లు కాబట్టి. కార్లకు బయటికి చూసే పని లేదు. నేను పాలు మోస్తాను, బియ్యం మోస్తాను, మనవణ్ని మోస్తాను, కాని కిటికీ మూయడానికి నేను ఒప్పుకోలేదు. కనుక సాయంత్రం పూట గేటు దగ్గర అరగంట నాకు వదలాలి. ఆ అరగంటా బండి రిపేరులో ఉన్నట్టు ఫోన్లో చూపించే ఏర్పాటు మా అబ్బాయి ఎలాగో ఒకలాగ చెయ్యాలి. అది కుదరదంటే, అప్పుడప్పుడూ ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయే హక్కయినా నాకు దఖలు పరచాలి.